మూగజీవుల వ్యాజ్యం: దయా, హక్కా?
('ఇఖ్వానుస్సఫా' జంతు రిసాలాపై ఒక పరిశీలన)

హిజ్రీ 4వ శతాబ్దంలో (క్రీ.శ. 10వ శతాబ్దం) బస్రా నగరంలో కొందరు విద్వాంసులు తమ పేర్లు వెల్లడించకుండా 'ఇఖ్వానుస్సఫా' అనే పేరిట ఒక మహాగ్రంథాన్ని వెలువరించారు. ఇఖ్వానుస్సఫా అంటే నిర్మల హృదయులైన సోదరులు. గణితం మొదలు అధ్యాత్మం వరకు నాటి విద్యలన్నింటినీ సమీక్షించిన యాభైకి పైగా రిసాలాలు అందులో ఉన్నాయి. వాటిలో 22వది జంతుజాలానికి సంబంధించినది. అరబీ సాహిత్యంలో దానికి సాటి రాగల రచనలు బహు తక్కువ. మనిషి తమను బంధించి, అమ్మి, కొని, పని చేయించుకొంటున్నాడని జంతువులు న్యాయస్థానానికెక్కిన కథ అది.

ఈ కథ మన దేశానికి కొత్త కాదు. కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాల కోసం మౌల్వీ ఇక్రామ్ అలీ దీనిని ఉర్దూలోకి తెచ్చారు; 1810లో అది అచ్చయింది. ఉర్దూ లోకంలో 'ఇఖ్వానుస్సఫా' అనగానే పాఠకులకు ఈ ఒక్క కథే స్ఫురించేటంతగా ఆ అనువాదం ప్రచారం పొందింది. అయితే ఆ ప్రచారమే రచనకు కొంత అన్యాయం కూడా చేసింది. కంపెనీ ఉద్యోగులు భాష నేర్చుకోవడానికి చదివే పాఠ్యపుస్తకంగా, పిల్లలకు చెప్పే వినోదగాథగా అది స్థిరపడిపోయింది. అందులో నడిచింది ఒక వ్యాజ్యమనీ, ఆ వ్యాజ్యంలో ఒక న్యాయసూత్రం విచారణకు వచ్చిందనీ గమనించినవారు తక్కువ.

రచయితల విశ్వాసాల విషయంలో ఉలమాకు గట్టి అభ్యంతరాలున్నాయి. అవి నిరాధారమైనవి కావు. గ్రీకు తత్త్వమూ బాతినీ ధోరణులూ ఈ రిసాలాలలో కలిసిపోయి ఉన్నాయి. కనుక వీటిని ధర్మశాస్త్ర ప్రమాణంగా స్వీకరించే ప్రసక్తే లేదు. కాని ఒక సాహిత్య కృతి ధర్మం ముందు సరైన ప్రశ్న ఉంచగలదు. దానికి సమాధానం వెదకవలసింది ఖుర్ఆన్, హదీసు, ఫిఖహ్ గ్రంథాలలో. ఈ రిసాలా వేసిన ప్రశ్న ఇది: మనిషి చెరలో ఉన్న ప్రాణికి పెట్టే మేత దానమా, బాకీనా?

కథ ఇలా నడుస్తుంది. జిన్నుల రాజు ఏలే ఒక ద్వీపానికి ఓడ పగిలి కొందరు మనుషులు కొట్టుకొని వస్తారు. అక్కడి పచ్చదనం చూచి స్థిరపడతారు. అంతవరకు స్వేచ్ఛగా తిరుగుతున్న జంతువులను పట్టి కట్టివేయడం మొదలుపెడతారు. జంతువులు పారిపోయి రాజు దర్బారులో మొరపెట్టుకొంటాయి. రాజు ఇరుపక్షాలను పిలిపిస్తాడు.

మానవుల తరఫున మొదట లేచినవాడు అబ్బాస్ వంశీయుడు. పశువులను మనిషి ప్రయోజనం కోసం సృష్టించినట్లు తెలిపే ఖుర్ఆన్ వాక్యాలను ఆధారంగా చూపి, ఇవి మా బానిసలు, మేము వీటి యజమానులం అని వాదిస్తాడు. జవాబు చెప్పినది కంచరగాడిద. ఆ వాక్యాలు దేవుని అనుగ్రహాన్ని గుర్తుచేసేవే గాని యాజమాన్య పత్రాలు కావని అది అంటుంది. సూర్యచంద్రులను, గాలిని, మేఘాన్ని కూడా దేవుడు మనిషికి వశపరచాడు. అంతమాత్రాన సూర్యుడు మనిషికి బానిస అయ్యాడా అని అడుగుతుంది. ఖుర్ఆన్ పరిభాషలోని 'తస్ఖీర్' (వశపరచడం) వేరు, 'మిల్క్' (సొంతం చేసుకోవడం) వేరు అనే సున్నితమైన భేదాన్ని రచయితలు ఒక గాడిద బిడ్డ నోట పలికించారు. కథ మొత్తానికి ఆయువుపట్టు ఈ భేదమే.

మానవులు రెండో ఆధారం చూపిస్తారు. మేము వీటిని కొంటాము, అమ్ముతాము, మేపుతాము, నీళ్లు పెడతాము, చలి నుంచి ఎండ నుంచి కాపాడతాము, జబ్బు చేస్తే వైద్యం చేస్తాము. యజమానులు చేసే పనులివే కదా అంటారు. దీనికి జంతువుల సమాధానం రెండు భాగాలు. అమ్మకం కొనుగోలు విషయానికి వస్తే, పారసీకులు గెలిస్తే రోమనులను, రోమనులు గెలిస్తే పారసీకులను అమ్ముకోవడం లేదా? వారిలో ఎవరు నిజంగా యజమానులు, ఎవరు నిజంగా బానిసలు? అంటే, క్రయవిక్రయం బలాన్ని చూపుతుందే తప్ప హక్కును రుజువు చేయదు. ఇక మేత విషయానికి వస్తే, అది మా మీద జాలితో పెట్టినది కాదు. మేము చచ్చిపోతే పెట్టిన సొమ్ము పోతుందనీ, పాలు, ఉన్ని, బరువుల మోత ఆగిపోతాయనీ భయపడి పెట్టినది అంటాయి.

రిసాలా మొత్తంలో ఇంతకన్న పదునైన మాట లేదు. పశువును బాగా చూచుకొంటున్నామని చెప్పుకొనే ప్రతి యజమానికీ అది సూటిగా తగులుతుంది. పాలిచ్చే గేదెకు తవుడు పెట్టినవాడు, అది వట్టిపోయిన తరువాత ఏమి పెట్టాడు? అతని దయకు కొలత అక్కడ దొరుకుతుంది.

పాత్రచిత్రణలోనూ రచయితల నేర్పు మెచ్చదగినది. ఒంటె ముక్కుతాడును గురించి, చీకట్లో రాళ్ల మీద నడకను గురించి చెబుతుంది. పొట్టేలు తమ పిల్లలను తల్లి నుంచి వేరు చేసి పాలు పిండుకోవడాన్ని చెబుతుంది. పంది గోడు వింతది: ఒక జాతి దానిని అసహ్యించుకొంటుంది, మరొక జాతి ఆప్యాయంగా తింటుంది, వైద్యులు దాని కొవ్వును వాడుకొంటారు, ఇంతకూ తనది ఏ స్థితి అని అది అడుగుతుంది. కుందేలు గుర్రాన్నే తప్పుపడుతుంది: నీవు మనిషిని వీపున మోయకపోతే అతడు మమ్మల్ని వేటాడగలిగేవాడా అని. పీడితులలోనే పీడకునికి తోడ్పడేవారు ఉంటారన్న సత్యాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన కథలు అరుదు. అన్ని పక్షాల మాటలూ వినిపించినందువల్ల ఇది ఏకపక్షమైన నీతికథగా దిగజారలేదు.

కాని తీర్పు దగ్గర పాఠకుడు ఆగిపోతాడు. రూపం, బుద్ధి, విద్య, పరిశ్రమ, రాజ్యం అని మానవులు చెప్పుకొన్న ఆధిక్యాలన్నింటినీ జంతువుల ప్రతినిధులు ఒక్కొక్కటిగా ఖండించిన తరువాత, హిజాజ్ వాసి ఒకడు లేచి పరలోక జీవితాన్ని ప్రస్తావిస్తాడు. మాకు పునరుత్థానం ఉంది, స్వర్గం ఉంది అంటాడు. పక్షుల ప్రతినిధి అయిన బుల్‌బుల్ వెంటనే, మీకు నరకపు హెచ్చరిక కూడా ఉంది కదా, మాకు ఆ వాగ్దానమూ లేదు, ఈ బెదిరింపూ లేదు, లెక్క సరిపోయింది అంటుంది. మాలో ప్రవక్తలు, ఔలియా ఉన్నారని హిజాజ్ వాసి బదులిస్తాడు. చివరకు పారసీక వంశం, అరబ్బు ధర్మం, గ్రీకు విద్య, భారతీయ అంతర్దృష్టి, సూఫీ నడవడి కలబోసుకొన్న ఒక పరిపూర్ణ వ్యక్తి మాట్లాడతాడు. జంతువులు మానవుల ఆజ్ఞకు లోబడి ఉండవలెనని రాజు తీర్పు చెబుతాడు.

వాదనలో గెలిచినవారు తీర్పులో ఓడారనీ, రచయితలు చివరి నిమిషంలో వెనుకంజ వేశారనీ పాఠకునికి తోచడం సహజం. మరికొందరు ఇదంతా రాజకీయ అన్యాపదేశమనీ, జంతువులంటే పాలితులనీ సరిపెట్టుకొంటారు. రెండూ పూర్తిగా సరి కావు. తీర్పుకు ఆధారమేమిటో గమనించాలి. బలం, తెలివి, డబ్బు పెట్టి కొన్న దస్తావేజు, ఇవేవీ మనిషిని గెలిపించలేదు. రేపు దైవ సన్నిధిలో లెక్క చెప్పవలసినవాడు అతడే అన్న ఒక్క కారణం గెలిపించింది. అంటే ఈ అధికారం జవాబుదారీతనానికి ముడిపడిన అమానతు. లెక్క చెప్పడానికి సిద్ధపడనివాడు ఈ తీర్పు ప్రకారమే అధికారం కోల్పోతాడు. ఆ విధంగా చదివితే తీర్పు మానవునికి పట్టాభిషేకం కాదు, మెడకు చుట్టిన బాధ్యత.

అయినా రిసాలాలో రెండు లోపాలు మిగిలిపోతాయి. మొదటిది విశ్వాసానికి సంబంధించినది. జంతువులకు పరలోక విచారణతో సంబంధం లేదని బుల్‌బుల్ చేత ఒప్పించడం ఇస్లామీయ ప్రమాణాలకు పొసగదు. భూమి మీద నడిచే ప్రాణులు, రెక్కలతో ఎగిరే పక్షులు మీవంటి సముదాయాలేననీ, అవి తమ ప్రభువు వద్దకే సమీకరించబడతాయనీ అల్ అన్ఆమ్ సూరా (6:38) తెలుపుతుంది. మృగాలు సమీకరించబడే దినాన్ని అత్తక్వీర్ సూరా (81:5) ప్రస్తావిస్తుంది. కొమ్ములు లేని మేకకు కొమ్ముల మేక నుంచి ప్రతీకారం ఇప్పించేవరకు ఆ నాడు హక్కుల పరిష్కారం ముగియదని సహీహ్ ముస్లిం హదీసు. మేకకు మేక మీదనే విచారణ ఉంటే, మేకకు మనిషి మీద ఉండదా? జిన్నుల రాజు మూసివేసిన వ్యాజ్యం నిజానికి మూతపడలేదు. అది పై న్యాయస్థానంలో నిలిచి ఉంది.

రెండో లోపం ఈ లోకానికి సంబంధించినది. రాజు అధికారం ఇచ్చాడు, షరతు వ్రాయలేదు. మేత ఎంత, మోత ఎంత, తప్పినవానికి శిక్ష ఏమిటి అన్న ప్రసక్తి లేదు. ఫిర్యాదు విన్న న్యాయమూర్తి ఫిర్యాదీకి ఈ లోకంలో ఏ రక్షణా కల్పించకుండా పంపివేశాడు. సాహిత్యం ఆపివేసిన ఈ చోటి నుంచే ఫిఖహ్ వేత్తల పని ప్రారంభమవుతుంది.

మహాప్రవక్త (స) బోధ ఈ విషయంలో సుస్పష్టం. పిల్లిని బంధించి, తానూ తిండి పెట్టక, నేల మీది పురుగులనైనా తిననివ్వక చంపిన స్త్రీ నరకానికి పోయిందని బుఖారీ, ముస్లింలలో ఉంది. ఆ హదీసులో నేరం పిల్లిని ఉంచుకోవడం కాదు. దారులన్నీ మూసివేసి అవసరం తీర్చకపోవడం. చెర ఎంత బిగిస్తే బాధ్యత అంత పెరుగుతుందన్నమాట. ఆకలితో, అధిక శ్రమతో కృశించిన ఒంటె ఆయనను చూచి కన్నీరు కార్చినప్పుడు యజమానిని పిలిచి, ఈ మూగజీవి విషయంలో దేవునికి భయపడవా అని మందలించినట్లు అబూ దావూద్‌లో ఉంది. అక్కడ ఫిర్యాదీ ఒంటె. ఫిర్యాదు విచారణకు స్వీకరించబడింది.

మరి ఖాజీ ముందుకు ఆ ఫిర్యాదు రాగలదా? దర్సె నిజామీ చదివిన ప్రతి విద్యార్థికి పరిచితమైన 'హిదాయా' గ్రంథంలో ఇమామ్ మర్గీనానీ (మరణం హి. 593) ఈ ప్రశ్నను ఎత్తుకొన్నారు. పశువుకు మేత పెట్టడం యజమానికి దేవునికి మధ్య గల విధి, పెట్టకపోతే పాపం. అయితే ఖాజీ అతనిని నిర్బంధించడు. ఎందుకంటే నిర్బంధానికి హక్కుదారుడు కావాలి, పశువు దావా వేయగల హక్కుదారు కాదు. హనఫీ మజ్హబులో ప్రసిద్ధమైన అభిప్రాయం ఇదే. ఇద్దరు భాగస్వాములకు చెందిన పశువైతే, మేత పెట్టని భాగస్వామిని ఖాజీ నిర్బంధించవచ్చునన్నారు. కాని అది రెండవ భాగస్వామి నష్టపోకుండా, పశువు కోసం కాదు. ఇక్కడ కంచరగాడిద మాట గుర్తుకు రాక మానదు: పెట్టిన సొమ్ము పోతుందనే కదా ఈ మేత!

కాని హనఫీ సంప్రదాయం అక్కడ ఆగలేదు. ఇమామ్ అబూ హనీఫా ప్రధాన శిష్యులు, హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీగా పనిచేసిన ఇమామ్ అబూ యూసుఫ్ (మరణం హి. 182), ఖాజీ నిర్బంధించవలసిందేనన్నారు. న్యాయపీఠం మీద కూర్చున్న అనుభవం గల వ్యక్తి ఈ మాట అనడం గమనార్హం. మాలికీ, షాఫయీ, హంబలీ ఇమాముల అభిప్రాయమూ అదే. మేత పెట్టు, లేదా అమ్మివేయి, తినదగినదైతే జిబహ్ చేయి అని యజమానిని ఆదేశించాలి. తరువాతి హనఫీలలో ఇమామ్ తహావీ, కమాలుద్దీన్ ఇబ్నుల్ హుమామ్ కూడా అబూ యూసుఫ్ మాటకే మొగ్గు చూపారని 'దుర్రె ముఖ్తార్' పేర్కొంటుంది. కనుక మజ్హబు పేరు చెప్పి బాధ్యత తప్పించుకొనే వీలు హనఫీకి లేదు.

దావా వేసేవారు లేరన్న చిక్కుకు కూడా పూర్వులు మార్గం చూపారు. ఖాజీ ఫిర్యాదు కోసం వేచి ఉంటాడు. బజారులో తిరిగే ముహ్తసిబ్ వేచి ఉండనక్కరలేదు. పశువు చేత మోయలేని బరువు మోయించేవానిని ముహ్తసిబ్ ఆపివేయాలని ఇమామ్ మావర్దీ (మరణం హి. 450) 'అల్ అహ్కాముస్సుల్తానియా'లో వ్రాశారు. రెండు శతాబ్దాల తరువాత ఇజ్జుద్దీన్ ఇబ్ను అబ్దుస్సలామ్ (మరణం హి. 660) మనిషిపై పశువులకు గల హక్కులను ఒక పట్టికగా కూర్చారు. ముసలిదై, జబ్బుపడి పనికిరాకుండా పోయినా పోషించాలి. శక్తికి మించిన బరువు వేయరాదు. పొడిచే, కరిచే వాటితో కలిపి కట్టరాదు. పడుకొనే చోటు బాగుండాలి. పిల్లలను తల్లి కళ్లెదుట జిబహ్ చేయరాదు. ఆయన వాడిన మాట హక్కు; దయ కాదు. బుల్‌బుల్, కంచరగాడిదలు అడిగి పొందలేకపోయిన షరతులు ఇవే.

ఈ విచారణ గతకాలపు ముచ్చటగా మిగలకూడదంటే, తెలుగు ముస్లిములు నేడు లోబడి ఉన్న చట్టాల పక్కన దీనిని ఉంచి చూడాలి. 1960లో భారత పార్లమెంటు చేసిన జంతు హింసా నివారణ చట్టం 3వ సెక్షనులో, జంతువు ఎవరి అధీనంలో ఉంటే దాని క్షేమం వారి విధి అని చెప్పింది. 11వ సెక్షను ప్రకారం మేత, నీరు, నీడ కల్పించకపోవడం, కదలడానికి చాలని పంజరంలో ఉంచడం నేరం. శిక్షపడిన యజమాని నుంచి జంతువును తొలగించే అధికారం 29వ సెక్షను కోర్టుకిచ్చింది. సూత్రరీత్యా ఇది అబూ యూసుఫ్ పక్షమే. కాని శిక్ష? దశాబ్దాల పాటు మొదటి తప్పుకు 10 రూపాయల నుంచి 50 రూపాయల జరిమానా. సూత్రం ఘనం, చెయ్యి బలహీనం.

హక్కుదారు ఎవరన్న పాత ప్రశ్న కూడా కొత్త కోర్టులలో తిరిగి తలెత్తింది. జల్లికట్టు వ్యాజ్యంలో 2014లో సుప్రీంకోర్టు జంతువుల ఆకలి, భయం, బాధల నుంచి విముక్తిని హక్కుల భాషలో వివరించింది. అదే విషయంపై 2023లో రాజ్యాంగ ధర్మాసనం రాష్ట్రాల సవరణలను సమర్థిస్తూ, జంతువులకు ప్రాథమిక హక్కులు ఉన్నాయనేంత దూరం పోవడానికి నిరాకరించింది. విధి ఉంది, హక్కుదారు లేడు: 'హిదాయా' చర్చించిన చిక్కే ఇది.

ముస్లిం పాఠకులలో ఈ చట్టాల పట్ల ఒక అనుమానం ఉంది. దానికి కారణాలూ ఉన్నాయి. 2017లో పశువుల సంతలలో వధకు అమ్మకాన్ని నిరోధిస్తూ కేంద్రం చేసిన నిబంధనలు ఎందరో రైతుల, వ్యాపారుల జీవనాధారాన్ని తాకాయి. అదే ఏడు సుప్రీంకోర్టు వాటి అమలును నిలిపివేసింది. అలాంటి నిబంధనను ప్రశ్నించడం న్యాయమే. కాని ఒక నిబంధనపై అభ్యంతరం, పశువు హక్కుపై అభ్యంతరంగా మారకూడదు. మత ధర్మం ప్రకారం జరిగే వధ నేరం కాదని 1960 చట్టంలోని 28వ సెక్షను చెబుతుంది. లారీలో కాళ్లు విరిగేలా కుక్కి తెచ్చిన మేకకు మాత్రం ఆ సెక్షను రక్షణ వర్తించదు; షరీఅత్ రక్షణా వర్తించదు. జిబహ్ వేళ కత్తిని పదును పెట్టుకొమ్మన్న ప్రవక్త (స), దారి పొడవునా హింసించడానికి అనుమతించలేదు.

పక్షుల విషయమూ ఇంతే. అబూ ఉమైర్ అనే బాలుడు పెంచుకొన్న చిన్న పక్షి చనిపోతే ప్రవక్త (స) అతనిని ఓదార్చిన హదీసు నుంచి, పక్షిని పెంచడం అనుమతించదగినదేనని ధర్మవేత్తలు గ్రహించారు. మరొక హదీసులో, పిల్లలను పోగొట్టుకొని రెక్కలు కొట్టుకొంటున్న తల్లిపక్షిని చూచి, వాటిని తిరిగి ఇచ్చివేయమని ఆయన ఆజ్ఞాపించారు. రెండింటినీ కలిపి చదివితేనే హద్దు తెలుస్తుంది. ఇంట పెరిగిన పక్షిని పోషించడం ఒకటి. గూటి నుంచి పిల్లలను దోచి అమ్మడం మరొకటి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తరువాతి సవరణలు స్వదేశీ అడవి పక్షుల పట్టివేతను, వ్యాపారాన్ని నిషేధించాయి. మన ఊళ్లలో పంజరాన కనిపించే రామచిలుక కూడా ఆ నిషేధం కిందిదే. హైదరాబాదులో చార్మినారు సమీపాన మహబూబ్ చౌక్‌లో తరతరాలుగా కోళ్లు, పావురాలు, పెంపుడు పక్షులు అమ్ముడుపోతున్నాయి. పంజరం కొనేవాడు ధర అడుగుతాడు, రంగు చూస్తాడు. ఈ పిట్టను ఎక్కడ పట్టారు, రెక్క చాపడానికి ఇందులో చోటుందా అని అడిగితే, అక్కడే ఆ బజారులో అతడు ముహ్తసిబ్ పని చేసినవాడవుతాడు.

ఇఖ్వానుస్సఫా రిసాలా ఒక గొప్ప రచన. అది జంతువులకు నోరిచ్చింది. న్యాయస్థానం తలుపు తెరిచింది. కాని తీర్పును అసంపూర్ణంగా వదిలింది. దానిని వినోదంగా చదివి పక్కన పెట్టడం సులభం. ఫిఖహ్ గ్రంథాలతో కలిపి చదివితే మాత్రం, కట్టుకొయ్యకు కట్టిన ప్రతి పశువు దగ్గరా ఒక బాకీ పత్రం ఉందని తెలుస్తుంది. ఆ పత్రం మీద మేతకూ, నీటికీ, నీడకూ లెక్క వ్రాసి ఉంది. రుణగ్రస్తుడు యజమాని. వసూలుకు ఖాజీ రాకపోవచ్చు, ముహ్తసిబ్ లేకపోవచ్చు, కోర్టు జరిమానా 50 రూపాయలతో సరిపెట్టవచ్చు. మృగాలను సైతం సమీకరించే దినం మాత్రం తప్పదు.